గీత దాటిన బిగింపు

మా బావగారంటే నాకు పడదు. ఆ మాట చాటుగా కాదు, ఆయన మొహం మీదే అన్నాను. ఆయనకూ నేనంటే పడదు. కానీ మా ఆయనకు సొంత అన్న అయిపోయాడు. పై వాటాలో ఆయన, కింది వాటాలో మేము, ఇంటి నిండా ఆయన బిగించిన పైపులు.

ఫ్యాక్టరీలో పైపు ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. భార్య పోయింది, పిల్లల్లేరు, పానా మిగిలింది. వీధిలో అందరూ పానాగారనే అంటారు. మా ఇంట్లో కుళాయి కారినా వేరే ప్లంబరును పిలవడానికి వీల్లేదు, ఒంటికాలి మీద లేస్తాడు. దొంగచాటుగా పిలిచినా దొరికిపోతాం. ఎందుకంటే ఏ జాయింటు బిగించినా చివర్లో మేకుతో ఒక గీత గీస్తాడు. సగం నట్టు మీద, సగం పైపు మీద. ఇంకెవరైనా విప్పి బిగిస్తే ఆ రెండు సగాలూ కలవవు. ఒకసారి నేను కొత్త షవరు పెట్టించుకున్నాను. మర్నాడు దిగొచ్చి, గీత చూసి, షవరు పీకి నా చేతిలో పెట్టి వెళ్లాడు. నా ఒళ్లు మండిపోయింది. మా ఆయన పేపరులోంచి తల ఎత్తలేదు.

"పోనీలేవే, అన్నయ్యకు ఉన్నది అదొక్కటేగా," అన్నాడు తర్వాత.

ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లయితే, మా ఆయన ఆ మూడూ లెక్కపెట్టి సరేనంటాడు. అదీ నా సంసారం.

ఈమధ్య మా వంటింటి కప్పు చెమ్మగిల్లింది. తర్వాత సరిగ్గా పొయ్యి మీదికే చుక్కలు పడ్డాయి. ఆ పైన ఉన్నది ఆయన సింకు. పైకెళ్లి చెప్పాను.

"నా బిగింపు కారదు," అన్నాడు. "కారుతోందంటే ఎవరో విప్పారు."

"మీ వంటింట్లోకి ఎవరొస్తారండీ?"

"రోజూ కూరగిన్నె పెట్టడానికి వచ్చేదెవరు?"

ఆడలేక మద్దెల ఓడు అనడం అంటే ఇదే. అక్కడితో ఆగినా ఊరుకునేదాన్నేమో. వరండాలో నిలబడి, వీధి వీధంతా వినేలా, "మా మరదలు నా పైపులు విప్పుతోంది!" అని అరిచాడు. మా ఆయన నావైపు అదోలా చూశాడు.

"నువ్వు నిజంగా..." అన్నాడు.

ఊళ్లోవాళ్లు నమ్మితే నమ్మనీ, కట్టుకున్నవాడు కూడానా?

నీళ్ల వాల్వు కట్టేశాను. మా ఆయన్నీ, పక్కింటావిడనీ వెంటబెట్టుకుని పైకెళ్లాను. సింకు కింది డబ్బాలు పక్కకు లాగాను. రెండు పైపుల్ని కలిపే పెద్ద నట్టు అక్కడ ఉంది. దాని మీది గీతకూ పైపు మీది గీతకూ మధ్య బొటనవేలంత ఎడం.

"చూశారా? చెప్పలేదూ!" అన్నాడు బావగారు.

"అయితే మీరే బిగించండి. గీత కలిపి చూపిస్తే, విప్పింది నేనేనని వీధిలో నిలబడి ఒప్పుకుంటాను."

కింద చతికిలబడి పానా పట్టాడు. నట్టు కదల్లేదు. రెండు చేతులూ వేశాడు. మెడ నరాలు తేలాయి. కుడి చెయ్యి మణికట్టు దగ్గర వణికి, పానా జారి గచ్చు మీద పడింది. పక్కింటావిడ మొహం తిప్పుకుంది.

"విప్పింది మీరేగా?" అన్నాను.

"తుప్పు అడ్డుపడి నీళ్లు సన్నగా వస్తున్నాయి," అన్నాడు గచ్చును చూస్తూ. "శుభ్రం చేసి మళ్లీ బిగించాను. గీత దాకా రాలేదు."

జాలి వేసిందని రాస్తే అబద్ధమవుతుంది. నాకు కసిగా ఉంది. పానా అందుకుని నట్టు తిప్పాను. గీత కలిసింది. మంట చల్లారక ఇంకాస్త లాగాను. గీత దాటిపోయింది.

"ఆపు!" అని అరిచాడు. "దాటించేశావు. ఇంక వెనక్కి తిప్పకు, మళ్లీ కారుతుంది."

జేబులోంచి మేకు తీశాడు. కొత్త గీత గీద్దామని నట్టుకు ఆనించాడు. చెయ్యి నిలవలేదు. మేకు నా చేతిలో పెట్టాడు.

"నువ్వే గియ్యి. బిగించినవాళ్లే గియ్యాలి. రేపు కారితే తిట్లు నీకే."

గీశాను. వంకరగా వచ్చిందని అప్పుడే తిట్టాడు.