సుగ్రా టీచర్ పదో తరగతి

గుండుగొలనులో జగ్గారావు గారు స్కూలు పెట్టిన ఏడాది అందులో ఉన్నది నర్సరీ ఒక్కటే. దానికి టీచరు సుగ్రా. ఏలూరు నుంచి బస్సులో వచ్చేది. చదివింది ఇంటరే. మరుసటేడు ఆ పిల్లలతోపాటు ఎల్‌కేజీకి వెళ్ళింది, ఆ పైన యూకేజీకి, తర్వాత ఒకటికి. స్కూలు ఏటా ఒక క్లాసు చొప్పున పెరుగుతుంటే మొదటి బ్యాచ్ వెంట తనూ ఎక్కుతూ వచ్చింది. పై క్లాసు పుస్తకాలు వేసవిలోనే తెచ్చుకుని పిల్లలకన్నా ముందు చదివేది. మధ్యలో దూరవిద్యలో డిగ్రీ, ఆ తర్వాత బీఎడ్ పూర్తి చేసింది. ఆ బ్యాచ్ పది దాటి వెళ్ళిపోయింది, సుగ్రా మాత్రం పదిలోనే ఉండిపోయింది.

పది బయాలజీ అంటే సుగ్రా టీచరే. కాలవగట్టు తూటాకులూ, పీతలూ, కొంగ ఈకలూ అన్నీ క్లాసులోకి వచ్చేవి. పాఠం ఎటు పోతుందో ఆమెకే తెలిసేది కాదు. జూన్‌లో మొదలుపెట్టిన చాప్టర్ వినాయక చవితికి కూడా తెమిలేది కాదు. అయినా పిల్లలకి మార్కులు ఎలా వస్తున్నాయో జగ్గారావు గారికి అంతుపట్టేది కాదు.

కిందటేడు ఆయన స్కూలుని ఒక కంపెనీతో కలిపారు. బోర్డు మారింది, టై రంగు మారింది, నర్సరీ నుంచి పది దాకా కరిక్యులమ్ మొత్తం ట్యాబ్‌లోకి వచ్చింది. ఏ రోజు ఏ పేజీ చెప్పాలో, ఎక్కడ ఆగాలో, ఎక్కడ నవ్వించాలో కూడా అందులో రాసి ఉంది. ముక్కు తుడుచుకోవడం రాని పిల్లల క్లాసుకి ‘ఐఐటీ ఫౌండేషన్’ అని పేరు పెట్టినవాళ్ళ ధైర్యానికి దండం పెట్టాలి. పాఠం మధ్యలో ప్రశ్నలు తీసుకోకూడదు. అవన్నీ సాయంత్రం డౌట్ క్లాసుకే.

పాత టీచర్లంతా తమ ముందు డెమో క్లాసు చెప్పి చూపించాలన్నారు కంపెనీవాళ్ళు. అందులో నెగ్గకపోతే సుగ్రా మళ్ళీ నర్సరీకి దిగాలి. నర్సరీ అంటే ఆమెకి చిన్నచూపేం లేదు. కానీ ఇన్నేళ్ళు ఎక్కి వచ్చిన పదో తరగతి పోతే తనకి మిగిలేదేమిటో తోచలేదు. మొదట భయం వేసింది. తర్వాత అదీ పోయింది. అన్నం తిన్నా తిన్నట్టు ఉండేది కాదు.

డెమో రోజు కంపెనీ ఆఫీసరు హర్షవర్ధన్ వెనక బెంచీలో కూర్చున్నాడు. పాఠం శ్వాసక్రియ. సుగ్రా ట్యాబ్‌లో ఉన్నది ఉన్నట్టు చెప్పుకుపోయింది. నీళ్ళలో ఆక్సిజన్ తక్కువని చెబుతుండగా ఇందుజ లేచింది. వాళ్ళది కొల్లేటి గట్టున ఊరు, తండ్రికి చేపల చెరువులు.

“టీచర్, తెల్లారగట్ల మా చెరువులో చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయండి. మా నాన్న గబగబా నీళ్ళు చిలికే ఏరేటర్లు తిప్పుతారు. పగలంతా బానే ఉంటాయండి, అప్పుడే ఎందుకండీ అలాగ?”

ఇలాంటి ప్రశ్న కోసం సుగ్రా ఒకప్పుడు ఏడాదంతా కాచుకుని ఉండేది. నీళ్ళలోని నాచు పగలు ఎండకి ఆక్సిజన్ వదులుతుందని, రాత్రి అదీ పీల్చుకునేదేనని, తెల్లారేసరికి చేపలకి చాలదని జవాబు నోటిదాకా వచ్చింది. హర్షవర్ధన్ పెన్ను తీశాడు.

“డౌట్ క్లాసులో అడుగమ్మా,” అంది.

ఇందుజ కూర్చుంది.

“క్లాసు చాలా బాగా కంట్రోల్ చేశారు మేడమ్,” అన్నాడు హర్షవర్ధన్ బయటికొచ్చాక.

“పది మీదేనండీ టీచర్ గారూ. ఇంక బెంగ పెట్టుకోకండి,” అన్నారు జగ్గారావు గారు.

సంతోషం వస్తుందేమోనని సుగ్రా కాసేపు చూసింది. రాలేదు. బాధ కూడా రాలేదు. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా బయటికి చూడలేదు.

సాయంత్రం డౌట్ క్లాసుకి రాని ఇందుజని మర్నాడు ఇంటర్వెల్‌లో వరండాలో ఆపింది. “నిన్న చేపల గురించి అడిగావు కదా, అదేంటంటే...”

“వద్దులెండి టీచర్,” అంది ఇందుజ మర్యాదగానే. “అది ఎగ్జామ్‌లో రాదు కదండీ.”

“రాదని ఎవరన్నారమ్మా?”

“మీరు చెప్పలేదు కదండీ. అంటే రాదనేగా.”

బెల్లు కొట్టారు. ఇందుజ లోపలికి వెళ్ళి కూర్చుంది. సుగ్రా కూడా వెళ్ళి, ట్యాబ్ తెరిచి, ఆ రోజు పేజీ చెప్పడం మొదలుపెట్టింది.