లాడ్జి భోజనం

హైదరాబాదులోని మా మేసన్ లాడ్జిలో, అంటే ఫ్రీమేసన్లనే గుప్త సంఘం మందిరంలో, నెలకోసారి సభ అయ్యాక అన్నదమ్ముల్లా కలిసి భోంచేస్తాం. సిరోంచ నుంచి బస్సులో వచ్చే రాజన్న పోయాడని తెలిసి, ఆ భోజనాల ఫోటో ఒకటి తీసుకుని వాళ్లింటికి వెళ్లాను.

"మా లాడ్జిలో తీసిందమ్మా" అన్నాను ఆయన భార్యతో.

ఆమె ఫోటో మీంచి చూపు తిప్పలేదు. "లాడ్జంటే గిదా అన్నా? ఏందని అడిగితే, లోపలి ముచ్చట చెప్పొద్దని ఒట్టేసిన అనేటోడు. కిరాయికి రూములిచ్చే లాడ్జనుకున్న. ఎవరో ఆడామె ఉన్నదని పదేండ్లు ఆయన పక్కన కూసొని బువ్వ తినలే."

మా ఒట్టు సభకే గాని భోజనాలకు లేదు. రాజన్న అన్నిటికీ పాటించాడు.

"మీతోని మంచిగ తింటుండెనా?" అని అడిగింది.

"తినేవాడమ్మా" అన్నాను. బంతిలోంచి అందరికన్నా ఆఖరున లేచేవాడని మాత్రం చెప్పలేదు.