కూవం వంతెన మీద అవ్వ చూసిన సముద్రం

మా చిన్నప్పుడు... ఒక దీపావళి అయిన రెండో రోజు, ఎండ నడినెత్తికి వచ్చే వేళ, మద్రాసులో ఒక వంతెన మీద కూర్చుని మా అవ్వ మురుగునీటికి దండం పెట్టింది. అది సముద్రమని చెప్పింది మా నాయనే.

నాయన కోయంబత్తూరులో నూలు మిల్లు కార్మికుడు. బోనసు చేతికి వచ్చేదీ, నాలుగు రోజులు సెలవు దొరికేదీ దీపావళికే. ఆయన తల్లికి, అంటే అవ్వకు, రెండు కళ్లకూ పొర కమ్ముతోంది. ఆపరేషన్ చేస్తే ఉన్న చూపూ పోతుందేమోనని ఆమె భయం. ఆ లోపల ఒక్కసారి సముద్రం చూడాలంది... అంతకుముందు నోరు తెరిచి ఏదీ అడిగిన మనిషి కాదు.

పండగ ఖర్చు పోగా మిగిలింది మద్రాసులో ఒక్క రాత్రికి సరిపోతుంది. అదీ తిండి ఇంటి నుంచి కట్టుకుపోతేనే. అమ్మ చింతపండు అన్నం కలిపి విస్తరాకుల్లో కట్టింది.

మాది కోయంబత్తూరులో పాత తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే తమిళం. అందులో మాకొక సౌకర్యం ఉండేది. బేరమాడేటప్పుడు అమ్మ కొట్టువాడి ముఖం చూసి నవ్వుతూనే, "అన్నీ పుచ్చు వంకాయలే, వద్దు" అని నాయనతో తెలుగులో అనేది. వాడికి అర్థమయ్యేది కాదు. రహస్యమైనా సరే, గొంతు తగ్గించి మాట్లాడుకునే అలవాటు మాకు లేదు.

మద్రాసులో చాలామందికి తెలుగు వస్తుందని మాకు తోచనేలేదు.

స్టేషన్ పక్క సందులో ఒక లాడ్జి. గుమాస్తా తమిళంలో అద్దె చెప్పాడు. అతని ముందే నిలబడి అమ్మ మామూలు గొంతుతో తెలుగులో అంది... "వాడగ ఎంత చెప్పినా సగమే అడగండి. అత్త కొంగున ముడేసుకుంది మాత్రం తీసేది వద్దు. అది సముద్రం కాడికి బస్సుకీ, రేపటి తిండికీ."

గుమాస్తా గోడ వైపు చూస్తూ విన్నాడు. బేరం సులువుగానే తెగింది. నాయన మురిసిపోయాడు.

గది సంగతి... గోడల మీద నల్లులను నలిపిన ఎర్రటి చారలు. బకెట్ నీళ్లలో ఎవరివో వెంట్రుకలు. దిండు గలీబు నూనె జిడ్డుకి అట్టలా ఉంది. నేనూ అమ్మా నేల మీద పడుకున్నాం. పొద్దున్నే పొట్లం విప్పితే అన్నం జిగురు తేలి తీగ సాగింది. అమ్మ దాన్ని సందులో పారేస్తే, అక్కడున్న మేక వాసన చూసి వెళ్లిపోయింది.

సంచి తీసుకుని కిందికి దిగితే గుమాస్తా కొత్త లెక్క చెప్పాడు. నీళ్లకు వేరే, చాపకు వేరే, దీపానికి వేరే. మా సంచిని తన బల్ల వెనక్కి లాక్కున్నాడు. ఇక ఏమీ లేదని నాయన తమిళంలో బతిమాలాడు.

అతను పుల్లతో పళ్లు కుట్టుకుంటూ, శుభ్రమైన తెలుగులో అమ్మతో అన్నాడు. "పెద్దమ్మ కొంగున ముడి ఉంది కదమ్మా. నిన్న మీరే అన్నారు."

"మాది నెల్లూరు వైపు. మనవాళ్లని తగ్గించే చెప్పాను," అని కూడా అన్నాడు. నవ్వాడు.

అవ్వ ముడి విప్పింది. "మన మాట నేర్చింది ఇందుకా నాయనా," అని గుమాస్తాని అడిగింది. అతనికి సిగ్గేమీ కలగలేదు. డబ్బు లెక్కపెట్టుకుని సంచి తోశాడు.

తరవాత చాలామంది మోసగాళ్లను చూశాను. వాళ్ల ముఖాలు మరిచిపోయాను. ఆ "మనవాళ్లు" అన్న మాట మాత్రం మరిచిపోలేదు.

తిరుగు టికెట్లు మాత్రం నాయన జేబులో ఉన్నాయి. రైలు సాయంత్రానికి. సముద్రానికి నడిచే పోదామన్నాడు. అవ్వకు మోకాళ్లు సహకరించలేదు. ఊరి మురుగంతా మోసే కూవం ఏటి వంతెన మీద చతికిలబడింది. కింద నల్లటి నీళ్లు, నురగ, ఉబ్బి తేలుతున్న కుక్క. ఒడ్డున వరసగా మనుషులు కాలకృత్యాలకు కూర్చున్నారు. అమ్మ కొంగుతో ముక్కు మూసుకుంది.

పొర కమ్మిన కళ్లకు ఎండలో ఆ నీటి మెరుపు ఒక్కటే కనిపించినట్టుంది.

"ఇదేనారా?"

నాయన ముందున్న దారి చూశాడు. అంతకుముందే ఒక రిక్షావాడిని అడిగి తెలుసుకున్నాడు, ఇంకా చాలా దూరమని. తల్లి కాళ్లు చూశాడు.

"ఇదేమ్మా," అన్నాడు.

అవ్వ దండం పెట్టింది. నెత్తిన చల్లుకోవడానికి దోసెడు నీళ్లు తెమ్మంది. నాయన కదల్లేదు. అమ్మ మా కూజాలో మిగిలిన తాగే నీళ్లు ఆమె చేతిలో పోసింది. అవ్వ చల్లుకుంది... వేలు నాలుకకు తగిలించుకుంది.

ఊరికి వచ్చాక, మిల్లు కార్మికులుండే మా లైనిళ్లలో అడిగిన వాళ్లందరికీ ఒకటే చెప్పింది. "ఒకటే కంపు. ఉప్పు కూడా లేదు."

పొంగల్ దాటాక మధురైలో ఆపరేషన్ అయింది. చూపు పోలేదు, బాగా వచ్చింది. నాయన సంతోషించి మళ్లీ మద్రాసు పోదామన్నాడు. "చూసినా గదరా... ఆ కంపు మళ్లా ఎందుకు?" అంది. అది సముద్రం కాదని చెప్పడానికి నాయనకు నోరు రాలేదు. అవ్వ పోయేదాకా రాలేదు.

ఇప్పుడు మిల్లు లేదు, లైనిళ్లు లేవు. గదులు ఫోన్‌లోనే దొరుకుతాయి... పండగ వస్తే ఆ యాప్‌లు అద్దె రెండింతలు చేసి, "ప్రియమైన అతిథి" అని పలకరిస్తాయి. మాట మర్యాద పెరిగింది, అంతే.

మీ ఇళ్లలోనూ పెద్దవాళ్లు చూడకుండానే చూశామనుకుని వెళ్లిపోయినవి ఉండే ఉంటాయి... ఉంటే కింద రాయండి, చదువుతాను.

అమ్మకు ఎనభై దాటాయి. అత్త చూడంది నాకెందుకని ఇన్నేళ్లూ ఆమె కూడా సముద్రం వైపు పోలేదు. మొన్న నేను అడిగితే ఎందుకో సరేనంది. వచ్చే శనివారం పొద్దున్నే రైలు, మధ్యాహ్నానికి చెన్నై. సాయంత్రం ఎండ తగ్గాక ఇసుకలో దిగుతాం.