కట్టని దారం

ఐదు వేల రూపాయలు చేతికి వస్తుంటే వద్దని తోసేసి, ఆ తోసేయడంతోనే లక్షన్నర సంపాదించిన మొనగాణ్ణి నేను. తిరుత్తణి బజారులో ఇంత తేలిగ్గా ఇంత లాభం తీసినవాడు ఇంకొకడుంటే చూపించండి. ఇలా మొదలుపెట్టకపోతే నాకు చేయి సాగదు. బేరాలాడే ఇంట్లో పుట్టినవాడు తప్పును కూడా సరుకులాగే ముందు పొగిడి తరవాత చూపిస్తాడు. నిజం చెప్పాలంటే ఏడేళ్ళుగా ఇది నా మీద ఉంది. దించుకుందామని ఎవరి దగ్గరికి పోయినా, విన్నాక నాకు ఎంత వెల కడతారోనని వాళ్ళ మొహంలో వెతికి, ఊరికే టీ తాగి వచ్చేసేవాణ్ణి. మీ మొహం నాకు కనబడదు. అందుకే మీకు చెబుతున్నాను.

మా నాయనది ఇత్తడి పాత్రల అంగడి. పెళ్ళికి అండాలు, బిందెలు కావలసినవాళ్ళు ముందుగా వచ్చి చూసుకునేవారు. డబ్బు సమకూరేదాకా ఆ పాత్ర ఇంకొకరికి పోకుండా ఉండాలంటే రెండు రూపాయలు ఇవ్వాలి. నాయన దాని మెడకు పసుపు దారం కట్టి, గడువు చెప్పి, అటక మీద పెట్టేవాడు. ఆ రెండు రూపాయలు వెలలో జమ కాదు. కొన్నా కొనకపోయినా అంగడివే. ఆగినందుకు కూలి అది. దారం కట్టాక ఎవరొచ్చి రెట్టింపు ఇస్తానన్నా నాయన ఆ పాత్ర దించేవాడు కాడు. డబ్బివ్వకుండా "నాకోసరం ఉంచు మామా" అని పోయేవాళ్ళకు మాత్రం నవ్వుతూ తల ఊపేవాడు. వాళ్ళు వీధి మలుపు తిరిగేలోపు అమ్మేసేవాడు. అందులో మోసం లేదు. దారానికీ తల ఊపడానికీ తేడా బజారులో అందరికీ తెలుసు.

ఆమెకూ తెలుసు. అదే నన్ను తినేస్తోంది.

ఎస్తేరమ్మ అందాం. అసలు పేరు అది కాదు. తిరువళ్ళూరు దారిలో ఒక ఫ్యాక్టరీ క్యాంటీనులో పర్మినెంటు వంటమనిషి. తెల్లవారకముందే వందల ఇడ్లీలు దించే చెయ్యి. గుడి కొండ కింద, నడకదారి మొదట్లో, నాకొక చిన్న షట్టరు గది ఉండేది. అక్కడ టిఫిను కొట్టు పెట్టుకోవాలని ఆమె ఆశ. ఆరు లక్షలకు ఇస్తానన్నాను. అంత డబ్బు ఆమె దగ్గర లేదు. పీఎఫ్ డబ్బు తీసి, తక్కింది తమ్ముడి దగ్గర అడగాలి. వస్తుందో రాదో తనకే తెలియదు కాబట్టి కొంటానని మాటివ్వలేకపోయింది. ఒక సాయంత్రం చేతిసంచీతో మా ఇంటికి వచ్చింది.

"పీఎఫ్ దుడ్డు రావల్లంటే పని మానేసి రెండు నెలలు కావల్లంటన్నా. మూడు నెలలు ఆ గది నాకోసరం ఆపి పెట్టు. ఇదో, ఐదు వేలు. నేను కొనలేకపోతే ఇది నీదే. తిరిగి అడగను."

"ఏందమ్మా ఇది, మనలో మనకు అడ్వాన్సు, అచ్చారమా?"

"అచ్చారం గాదు, ఆపి పెట్టేదానికి. ఊరికే ఆపమంటే ఎవురు ఆపుతారు? నువ్వేమన్నా సత్రం పెట్టుకోనుండావా?"

"దుడ్డు లోపల పెట్టు. ఆరు లక్షలు, మూడు నెలలు. నేను చెప్పినానంటే చెప్పినట్టే. దాంతో మంచి ఇడ్లీ కుండ కొనుక్కో పో."

"నిజంగానా? కాగితం గూడా వద్దా?"

"కాగితమైతే చిరిగిపోతాది. నా నోరు చిరిగిపోతాదా?"

"అది చిరగదులే అన్నా. ఇన్నేండ్లుగా వాడతా ఉండావు, చిన్న కుట్టు గూడా ఊడలేదే!"

నవ్వింది. నోట్లు మళ్ళీ సంచీలో పెట్టుకుంది. వెళ్తూ వెళ్తూ మా ఆవిడతో అంది: "నీ మొగుడు పైకి గట్టిగా మాట్లాడతాడు గానీ మనసు వెన్న వదినా."

ఆ డబ్బు ఎందుకు వద్దన్నాను? జాలిపడ్డాననుకున్నారు అందరూ. కొన్నాళ్ళు నేనూ అలాగే అనుకోవడానికి ప్రయత్నించాను. కుదరలేదు. గదిని ఆనుకుని మిఠాయి అంగడి ఉంది. దాని యజమాని రెండు మూడుసార్లు వచ్చి, మధ్య గోడను వేలితో కొట్టి చూసి వెళ్ళాడు. గోడ కొట్టి చూసేవాడు ఊరికే కొట్టడు. ఆ ఐదు వేలు పుచ్చుకుంటే మూడు నెలలు నేను కదలకూడదు. పుచ్చుకోకపోతే, అతను రాకుంటే ఆమె ఉంది, వస్తే నేను ఎటైనా పోవచ్చు. ఇది లెక్కవేసుకోవడానికి నాకు ఎంతసేపు పట్టిందనుకున్నారు? ఆమె సంచీ ముడి విప్పినంతసేపు. దారం కట్టమని డబ్బు పట్టుకుని వచ్చిన మనిషికి, కట్టకుండానే కట్టానని నమ్మించాను. అదీ ప్రేమగా.

మరుసటి వారమే ఆమె రాజీనామా ఇచ్చింది. ఆ సంగతి నాకు ఫోను చేసి సంతోషంగా చెప్పింది.

రెండు నెలలు దాటాక మిఠాయి అంగడాయన ఏడున్నర లక్షలన్నాడు. అప్పుడు కూడా నేను తొందరపడలేదు. పద్ధతి తెలిసినవాణ్ణి కదా. రైలెక్కి తిరువళ్ళూరు కోర్టు దగ్గర ఒక వకీలును కలిశాను. ఆయన తమిళంలో తాపీగా చెప్పాడు. ఊరికే ఇచ్చిన గడువుకు కట్టుబడనక్కర్లేదట. ఆమె కొంటానని ఒప్పుకునేలోపు మాట వెనక్కి తీసుకోవచ్చు, కాకపోతే తీసుకున్నట్టు ఆమెకు తెలియాలి. గడువు కోసం ఏదైనా పుచ్చుకుని ఉంటే మాత్రం కుదరదు. "ఏమీ పుచ్చుకోలేదు సార్" అన్నాను. నా గొంతులో గర్వం కూడా ఉందేమో. ఆయన కళ్ళద్దాలు తీసి ఇంకొక ప్రశ్న వేశాడు. మీ మాట నమ్ముకుని ఆమె ఏదైనా వదులుకుందా? అలాంటిదుంటే కోర్టు వేరేగా చూసినా చూడొచ్చు, ముందే చెప్పండి.

"లేదు సార్" అన్నాను.

నేను మోస్తున్నది ఈ రెండు ముక్కలే. గది అమ్మడం కాదు. గదులు అమ్ముతారు, కొంటారు. ఒక మనిషి పర్మినెంటు ఉద్యోగం వదిలేసి ఇంట్లో కూర్చుని రోజులు లెక్కపెడుతోందని తెలిసి, అడిగినవాడికి లేదన్నాను. అడగనివాళ్ళకు చెప్పకపోవడం వేరు. ఆయన అడిగాడు.

అదే రోజు, స్టేషను నుంచే, ఆమెకు ఫోను చేశాను. ఆలస్యం చేస్తే డబ్బు పట్టుకుని వచ్చేస్తుందేమోనని భయం. ఇంట్లో ఇబ్బందులు, ఇంకొకరికి ఇవ్వక తప్పడం లేదు అన్నాను. ఆమె అంది: "పోనీలే అన్నా. ఆ పొద్దు నా దుడ్డు వద్దనినావు గదా, అది నేను మరిచిపోను." నన్నే ఓదార్చింది. ఆమె తిట్టి ఉంటే ఈపాటికి నేనూ నాలుగు తిట్లు తిట్టి మరిచిపోయేవాణ్ణి.

పీఎఫ్ డబ్బు ఆ తరవాతి వారం వచ్చిందట. ఆరు లక్షలకు కొండ కింద ఇంకో గది దొరకలేదు. ఆ డబ్బు ఇంటి ఖర్చుల్లో కరిగిపోయింది. ఫ్యాక్టరీవాళ్ళు మళ్ళీ రమ్మన్నారు, కాంట్రాక్టు కింద. అదే క్యాంటీను, అవే ఇడ్లీలు, నెలకు ఐదు వేలు తక్కువ. ఇది ఆమే చెప్పింది, రైల్లో, నా ఎదురు సీట్లో కూర్చుని, ఫిర్యాదులా కాదు, కబురులా.

ఇంకొకటి కూడా చేస్తోంది. నా పేరు పది మందికి చెబుతోంది. మొన్న కే.జీ.కండిగై నుంచి ఇద్దరు అన్నదమ్ములు పొలం పంపకం తీర్చమని వచ్చారు. "ఎస్తేరమ్మ పంపించినాది. దుడ్డు తాకకుండా మాటిచ్చే మనిషంట గదా నువ్వు" అన్నాడు పెద్దవాడు. తీర్చాను. వాళ్ళిచ్చిన తాంబూలం కూడా తీసుకున్నాను, సిగ్గు లేకుండా.

ఆమెకు ఎందుకు చెప్పలేదు? చెబితే పాపం ఉన్న ఒక్క నమ్మకమూ పోతుందని నాకు నేను చెప్పుకుంటాను. ఇదీ బేరగాడి మాటే. పోయేది నా పేరు. ఇది చదివి మీరు క్షమించక్కర్లేదు. మీ దగ్గర నేను తీసుకున్నదేమీ లేదు.

లెక్క మాత్రం ఇక్కడ వేస్తాను. నాకు ఎక్కువ వచ్చింది లక్షన్నర. అందులో వకీలుకు ఐదు వందలు పోయాయి. ఆమెకు నెలకు ఐదు వేలు తక్కువ, ఎనభై నాలుగు నెలలు: నాలుగు లక్షల ఇరవై వేలు. ఆ టిఫిను కొట్టు నడిచి ఉంటే ఏమి వచ్చేదో నాకు తెలియదు, ఆ చోటు ఖాళీగా వదిలాను. వచ్చే నెల ఇంకో ఐదు వేలు చేరుతుంది. నేను ఇంతవరకు ఇచ్చింది ఏమీ లేదు. రెండుసార్లు కూడి చూశాను. సరిగ్గానే ఉంది.