చెవి రాళ్ళు

చేప వయసు దాని మొఖం చూసి చెప్పలేం. పొడుగు చూసి సుత చెప్పలేం, తిండి దొరకక కొన్ని పొట్టిగనే ముసలివైతయి. లెక్కంత తలకాయలనే ఉంటది. కండ్ల వెనక, నెత్తి మీద కత్తి పెట్టి కోసి తల వంచితే పుర్రె డబ్బా మూత లెక్క తెరుచుకుంటది. మెదడు కింద చెరో దిక్కు ఒక తెల్లరాయి. చెవి రాళ్ళు అంటం మేము. నీళ్ళల్ల చేప ఏ దిక్కు వంగిందో దానికి చెప్పేటివి అవే. ఏడాదికో పొర పడుతది, ఉల్లిగడ్డకున్నట్టు. ఆ పొరలు లెక్కపెట్టుడే నా నౌకరీ.

చేపల సర్వే ఓడ విశాఖ నుంచి పోతది. వల లాగినంక కొన్ని చేపలను ఏరి నా ముందర పెడుతరు. ఎడమ చేత్తోని తల పట్టుకుంట, బొటనవేలు దవడ మీద, మిగతా వేళ్ళు తల వెనక. ఎన్ని తలలు తెరిచిన్నో నాకే తెల్వదు. ఒక్కనాడు సుత చెయ్యి వణకలే.

మల్కాజ్‌గిరిల మా ఇంట్ల ఇదంత అత్తమ్మకు ఒక వింత. ఆదివారం చర్చి నుంచి వచ్చుకుంట కొర్రమీను తెస్తది. పులుసు పెట్టి తలకాయ నా పళ్ళెంలనే వేస్తది. నేను అలవాటు కొద్ది పుర్రె విరిచి, రాళ్ళు తీసి పళ్ళెం అంచుకు పెడుత. "అన్నం తినేకాడ సుత పోస్టుమార్టమేనానే?" అని తిడుతది. ఒకసారి మాత్రం నవ్వకుండ అన్నది: "నోరు లేని జీవాల చెవులు ఖాళీ చేస్తున్నవు బిడ్డా. అవి అడిగే రోజు ఒకటి వస్తది." ఏసుప్రభువే చేపలు పట్టేటోళ్ళను ఏరుకున్నడు, నీకేం తక్లీఫ్ అత్తమ్మా అని ఆమె నోరు మూయించిన.

పోయిన సర్వే నుంచి వచ్చినంక ఇల్లు ఊగింది. ఓడ మీద పనిచేసేటోళ్ళకు ఇది మామూలే. ఒడ్డుకొచ్చినా రెండు రోజులు నేల ఊగుతనే ఉంటది, స్నానం చేసేటప్పుడు గోడ పట్టుకోవాలె. మంచంల కుడి దిక్కు తిరిగితే గది గిర్రున తిరిగింది. సముద్రం ఇంక నా ఒంట్లకెళ్ళి దిగలే అనుకొని నవ్వుకున్న. ఏం బుద్ధితక్కువ! ఓడ ఊపు మెల్లగుంటది, వస్తది, పోతది. ఇది కుడికి తల తిప్పినప్పుడే వస్తది. ఎవరో అక్కడ కాచుకొని కూసున్నట్టు, గబుక్కున నా తల పట్టుకొని తిప్పినట్టు. నేను కదలకుంటే అదీ కదలదు. ఆగి చూస్తది.

వారాలైనా పోలే. ఒక పొద్దున సికింద్రాబాద్ స్టేషన్ల బోర్డు చూద్దామని తల కుడికి ఎత్తిన. ప్లాట్‌ఫారం లేచి నా మీదికొచ్చింది. పక్కనున్న ముసలాయన చెయ్యి గట్టిగ పట్టుకున్న. చల్లగ, జిగటగ ఉన్నది ఆ చెయ్యి. "క్యా హువా బేటీ, ఏమైంది?" అన్నడు. చూస్తే ఆయన రెండో చేతిల చేపల సంచి, అందుల నుంచి ఒక తలకాయ బయటికి చూస్తున్నది. ఆయన చెయ్యి ఇడిసి స్తంభం పట్టుకున్న.

సర్వే పెద్దసారుకు ఫోన్ల చెప్పక తప్పలే. "తల తిరిగేటోళ్ళను డెక్కు మీదికి ఎట్ల ఎక్కియ్యనమ్మా? తడి డెక్కు, ఇనుప తాళ్ళు, కత్తులు. ఓడ పోయేలోపల నయమైతే సరే, లేకుంటే నీ జాగల ఇంకొకరిని పెట్టాలె." ఆడమనిషికి ఓడ ఎందుకన్న ప్రతి ఒక్కనితో కొట్లాడి తెచ్చుకున్న జాగ అది. పోతే మళ్ళ రాదు. బాత్రూంల నల్లా ఇడిసి ఏడ్చిన.

మారేడ్‌పల్లిల చెవుల డాక్టరమ్మ దగ్గరికి పోయిన. "మన చెవిల సుత సన్నటి రాళ్ళుంటయి. మీకు కుడి దిక్కువి జారి పక్క గొట్టంల పడ్డయి, అందుకే తిరుగుతున్నది. తల తిప్పి మళ్ళ వాటి జాగల పడేస్త" అన్నది. చదువుకున్నదాన్నే, నాకు తెల్వని ముచ్చటేం కాదు. కానీ అవి నా తలకాయల ఉన్నయని ఎన్నడూ అనిపియ్యలే.

బల్ల మీద కూసోబెట్టి నా తల పట్టుకున్నది. బొటనవేలు దవడ మీద, మిగతా వేళ్ళు తల వెనక. ఆ పట్టు నాకు తెలుసు, అది నాదే. తల కుడికి తిప్పి ఒక్కసారే వెనక్కి పండబెట్టింది. తల బల్ల అంచు దాటి కిందికి వేలాడుతున్నది. "కండ్లు మూయద్దు" అన్నది. ఫ్యాను, పైకప్పు, ఆమె మొఖం అన్నీ గిరగిర తిరుగుతున్నయి. రెప్ప వెయ్యకుండ, నోరు తెరుచుకొని చూస్తున్న, కత్తి ఎప్పుడు దిగుతదా అని.

దిగలే. తల ఎడమకు తిప్పింది, పక్కకు పండబెట్టింది, లేపి కూసోబెట్టింది. గది ఆగిపోయింది. "డాక్టరమ్మా, ఈ రాళ్ళు నా వయసు చెప్తయా?" అని అడిగితే నవ్వింది. "మనుషులవి పెరగవమ్మా. వయసు మీద పడ్డకొద్ది పొడి రాలినట్టు రాలుతయి, అంతే."

ఇంటికొచ్చి, నయమైంది, ఓడకు పోతున్న అని గడపలనే చెప్పిన. అత్తమ్మ నా మొఖమంత రెండు చేతులతోని తడిమి, తన కణతలకు ఆనించి మెటికలు విరిచింది. దిష్టి గిష్టి నమ్మద్దని చర్చిల పిల్లలకు పాఠం చెప్పే మనిషి! "నీ పీడంత నాకే రానీ" అన్నది. పటపటమన్నయి వేళ్ళన్నీ.

రైలెక్కే రోజు ఆటో పిలిచి సంచి గుమ్మంల పెట్టిన. అత్తమ్మ నాకు అన్నం పెడదామని గిన్నె కోసం కుడికి వంగి, గోడ పట్టుకున్నది. "ఏందే... ఇల్లు ఊగుతున్నది?" అని నవ్వబోయింది. నవ్వు రాలే.

మంచం మీద పండబెట్టి తల రెండు చేతుల్ల పట్టుకున్న. ఆమె నల్లగుడ్లు ఒక దిక్కే టకటక కొట్టుకుంటున్నయి. బయట ఆటోవాలా హారన్ కొడుతున్నడు. "నాకొచ్చింది గదా, ఇగ నీకు రాదు. పో బిడ్డా, నీ జాగ పోతది" అన్నది అత్తమ్మ. నా చేతులు వణుకుతున్నయి. ఆ తల వదలలేకపోయిన.