పలకలకు పెట్టిన బొట్లు

జీడిపప్పు మీది పొట్టు ఊరికే రాదు. పిక్క కొట్టి తీసిన పప్పును ముందు బాగా ఆరబెట్టాలి. ఆరిన పప్పును వేలితో అలా రాస్తే చాలు, పొట్టు ఊడి విరగని పప్పు, గుండు అంటాం మేం, చేతికొస్తుంది. తడి ఉంటే పొట్టుతోపాటు పప్పూ విరిగి బద్దలవుతుంది. పలాసకు తూర్పున సముద్రం వైపున్న మా ఊళ్లో ఆడవాళ్లం చాలామందిమి ఈ పని మీదే బతుకుతున్నాం. నేను బడికి వెళ్లలేదు. మా నాన్న అరుగు మీద ఇసుక పోసి అక్షరాలు దిద్దించాడు. ఆ చదువుతోనే, పప్పు కింద పరిచిన పాత పేపర్లు చదువుకుంటూ పొట్టు తీస్తాను. దేవుడి దయవల్ల రెండు పనులూ కలిసి సాగిపోతాయి.

పప్పు ఆరబెట్టడానికి ఇదివరకు మా గుంపుకి కట్టెల పొయ్యి గది ఉండేది. ఆ పొయ్యి చూసుకునేది మా వదిన, మా అన్నయ్య భార్య. పెద్ద తుఫానుకు మా ఉద్దానం ప్రాంతంలో జీడిచెట్లు, కొబ్బరిచెట్లు నేలకొరిగిన ఏడాది మాకు కట్టెలకు కొదవలేదు. మా చెట్లనే నరికి మా పొయ్యిలో పెట్టుకున్నాం. ఆ ఏడాదే వదినకు దగ్గు పట్టుకుంది. టెక్కలి ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి, ఇంక పొగ దగ్గరకు వెళ్లొద్దని గట్టిగా చెప్పింది. వదిన అంతా విని, తలూపి, మర్నాడు మళ్లీ పొయ్యి దగ్గరే కూర్చుంది. వేరే పని ఏముందని?

అలాంటప్పుడు వచ్చింది మాకు ఎండ గది. పైన వెలుతురు దిగే దళసరి రేకు, లోపల పప్పు తట్టలు, వేడిగాలిని తట్టల మధ్య తిప్పి తేమను బయటకు తోసే ఫ్యాన్లు, ఆ ఫ్యాన్లకు కరెంటు ఇచ్చే సోలార్ పలకలు. పెట్టించిన ఆఫీసరు గారు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు. భూమి వేడెక్కిపోతోందని దేశాలన్నీ ఏటేటా ఒకచోట కూడి ఒప్పందాలు రాసుకుంటున్నాయట. పొగ ఎక్కువ వదిలి బాగుపడిన దేశాలు, ఆ వేడికి దెబ్బతింటున్న వాళ్లకు సాయం చేస్తామని మాటిచ్చాయట. ఆ సాయంలో ఒక చుక్క చేతులు మారి మారి మా ఊరు చేరిందట.

“మన పొయ్యిలో పొగ సంగతి ఆల్లకెవురు సెప్పినారు బాబూ?” అంది వదిన.

“మీ పొగ కాదమ్మా, వాళ్ల పొగ.”

“అయితే ఆల్లకీ దగ్గొచ్చిందేటి?”

అందరం నవ్వాం. ఆయనా నవ్వి, షరతు కూడా చెప్పారు. చలికాలం వచ్చేలోపు గది సరిగా నడిస్తే మాకే ఉంటుంది, లేకపోతే కంచిలి వైపు అడుగుతున్న మరో గుంపుకు ఇచ్చేస్తారు. వదిన ఆ రోజే పాత పొయ్యి నోటికి ఇటుకలు పేర్చి మట్టితో మెత్తేసింది.

మొదట్లో గది బ్రహ్మాండంగా నడిచింది. ఇంతలో దసరా వచ్చింది. దసరాకు మేం పనిముట్లన్నిటికీ పూజ చేస్తాం. కత్తిపీట, కొడవలి, కుట్టుమిషను, ఆటో, దేన్నీ వదలం. అన్నం పెట్టే పలకలను వదులుతామా? శుభ్రంగా కడిగి ఒక్కోదానికి వరసగా పసుపు, కుంకుమ పెట్టాం. పలకలు వాలుగా ఉండి బొట్టు జారిపోతోందని ఆముదంలో కలిపి మరీ అద్దాం. చూడముచ్చటగా ఉందని అప్పట్నుంచి ప్రతి శుక్రవారం కొత్త బొట్లు. దండం పెట్టుకోకుండా పని మొదలుపెట్టడం మా ఎవరికీ అలవాటు లేదు.

ఆ తర్వాత ఫ్యాన్లు నెమ్మదించాయి. గదిలో వేడి ఉంది, తేమ మాత్రం బయటకు పోవడం లేదు. పప్పు మెత్తబడింది. పట్టుకెళ్లే వ్యాపారి బద్దలు చూసి మొహం తిప్పుకున్నాడు. ఊళ్లో కట్టెలమ్మే ముసలాయన, మాకు మావ వరస, రోజూ దారిలో ఆగేవాడు.

“ఏటే కోడలా, సూరీడు సెలవెట్టినాడేటి? బండికి కట్టెలెత్తమంటావా?”

“నీ కట్టెలు నువ్వే దాసుకో మావా, ముందు ముందు నీకే పనికొత్తాయి,” అంది వదిన. అనేసి నవ్వబోతే దగ్గొచ్చింది.

ఆ సాయంత్రం ఆమె పాత పొయ్యి ముందు నిలబడి, తాను మెత్తిన మట్టిని గోటితో గీకుతూ ఉంది. గది వెళ్లిపోతే ఈ ఇటుకలు తీసేస్తుంది. తీయనివ్వకూడదు అనుకున్నాను. ఇంటికి వెళ్లగానే ఆఫీసరు గారికి ఫోన్ చేశాను. టెక్కలి నుంచి మెకానిక్కును పంపుతానని, సోమవారం తానే వచ్చి గది ఉంచాలో తీయాలో తేలుస్తానని అన్నారు.

మెకానిక్ శుక్రవారం వచ్చాడు. పలకలు చూసి నెత్తి కొట్టుకున్నాడు.

“ఈ గళ్లన్నీ ఒకదానికొకటి ముడేసి ఉంటాయమ్మా. ఒకదాని మీద నీడ పడితే మిగతావాటి జోరూ తగ్గిపోద్ది. మీరు పలకపలకకీ ఇన్నిన్ని బొట్లెట్టినారు. ఆముదానికి దుమ్మంతా అంటుకుపోనాది.”

“అయితే తుడిసీ బాబూ,” అన్నాం.

“శుక్రారం పూట బొట్టు నాను సెరపనమ్మా. మీరే సూసుకోండి.” గుడ్డ మా ముందు పెట్టి వెనక్కి జరిగాడు.

ఎవరూ గుడ్డ ముట్టుకోలేదు. ముత్తయిదువలం, బొట్టు చెరపడమన్న మాటే నోట రానివ్వం. “సోమారం సూద్దుమా?” అంది ఒకామె. సోమవారం ఆఫీసరు గారు వచ్చేస్తారు. అందరి వెనకా నిలబడ్డ వదిన పాత పొయ్యి వైపు చూసింది. గది పోతే మళ్లీ ఆ పొగలో కూర్చోవాల్సింది ఆమే.

కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నాను. అరసవల్లి సూరీడి గుడి గుర్తొచ్చింది. ఏడాదిలో రెండు మాట్లు పొద్దుటి కిరణాలు గుడిలోకి దూరి స్వామి పాదాలు తాకుతాయి. చిన్నప్పుడు చూడ్డానికి వెళ్లి, నేను ఆత్రంగా ముందుకు ఉరికితే మా నాన్న చెయ్యి పట్టి గోడ వారకు లాగాడు. “అడ్డం నిలబడకమ్మా. ఎలుగు సామి దగ్గరికి ఎల్లనీ” అన్నాడు.

“బొట్టు సెరపడం కాదిది, సూరీడికి అడ్డం తియ్యడం. బొట్లు పలకల ఇనప కాళ్లకి ఎడదాం,” అన్నాను.

“పాపం తగిలితే?” అంది ఒకామె.

“తగిలితే నాకు తగుల్తాది. గుడ్డ ఇలాగియ్యి.”

మొదటి బొట్టు మీద గుడ్డ పెట్టేసరికి పక్కన బకెట్టు చప్పుడైంది. వదిన కుంకుడు రసం తెచ్చింది.

“నీకొక్కదానికే తగలనిత్తానేటి? జరుగు.”

ఆమె రుద్దింది, నేను కడిగాను. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. చివరి పలక ఆరుతుండగా ఫ్యాన్ల చప్పుడు మారింది. దగ్గరకు పోకుండానే అందరికీ వినపడింది.

సోమవారం ఆఫీసరు గారు తట్టలోంచి ఒక పప్పు తీసి వేలితో రాశారు. పొట్టు ఊడి గుండు చేతికొచ్చింది. గది మాకే ఉంటుందన్నారు. మేం చేతులు జోడించాం. వదిన మాత్రం అక్కడితో ఆగలేదు.

“మళ్లీ తుఫాను గాలోన వత్తాది బాబూ. ఈ పలకలు ఎగిరిపోతే మళ్లీ ఎవురు ఇత్తారు? ముందే ఇప్పి లోన దాయడం, మళ్లీ బిగించడం మాకు నేర్పండి.”

ఆ వారం నేను చదివిన పేపర్లో ఆ దేశాల సభ గురించే ఉంది. సాయం ఎవరెంత ఇవ్వాలన్న దగ్గర ఇంకా తగువు తెగలేదట. వాళ్లకు మంచి బుద్ధి పుట్టించమని రోజూ దీపం దగ్గర అడుగుతూనే ఉన్నాను. ఇచ్చినదానికి దండం పెడతాను. ఇవ్వాల్సినది ఇంకా ఉందనీ మరిచిపోను. కానీ వాళ్ల తగువు తెగేదాకా తుఫాను ఆగదు కదా.

మెకానిక్ మరోసారి వచ్చి మాకు బోల్టులు విప్పడం నేర్పాడు. వదిన అందరికంటే ముందు నేర్చుకుంది. ఆమె దగ్గు పూర్తిగా పోలేదు, ఇప్పుడు మాట మధ్యలో మాత్రం రావడం లేదు. పలకలు రోజూ పొద్దున్నే ఆమే కడుగుతుంది. పాత పొయ్యి నోరు అలాగే మూసి ఉంది. బోల్టులు విప్పే పానా మా ఇంట్లో దేవుడి గూట్లో, దీపం పక్కన ఉంటుంది. శుక్రవారం బొట్టు ఇప్పుడు దానికీ పెడుతున్నాం.