యూరియా పట్టని సెన్సర్

పీహెచ్‌డీ చేసేటప్పుడు వరంగల్‌ల ఒక కాలేజీల నేను పాలల్ల యూరియా పట్టే సెన్సర్ తయారు చేసిన. గోరంత ట్రాన్సిస్టర్ మీద ఎంజైమ్ పూత పూస్తం. పాలల్ల యూరియా తగిలితే ఎంజైమ్ దాన్ని విరగ్గొడ్తది, దాంతోని ట్రాన్సిస్టర్‌ల కరెంటు మారి కంప్యూటర్ మీద గీత లేస్తది. పాలల్ల యూరియా ఎట్లైనా కొంచెముంటది, కాబట్టి గీత కొంచెం లేస్తది. ఎవరన్న కలిపితే పైకి ఎగురుతది.

నర్సంపేట దిక్కు డెయిరీ ఓనర్ ఒకాయన దీన్ని చూడనీకి వస్తాండని తెలిసినంక మా హెడ్ సార్‌కు కాలు నిలువలే. ఎండకాలం. కూల్‌డ్రింకులు సల్లగుండాలని పొద్దుగాల్నే ల్యాబ్ ఫ్రిజ్ ఖాళీ చేసి, పూత పూసిన చిప్పుల డబ్బ తీసి కిటికీల పెట్టిండు. మధ్యాహ్నం నేనొచ్చి పట్టుకుంటె చెయ్యి సుర్రుమన్నది.

"సార్, ఎంజైమ్ పాడైంది. ఇయ్యాల డెమో వద్దు," అన్న.

"ఎంజైమ్ ఏమన్న కోడిపిల్లనామ్మా, ఎండకు సచ్చిపోనీకి?" అన్నడు సార్. ఆయన డాక్టరేట్ ఎంజైమ్‌ల మీదనే.

ఆయన ముందటనే యూరియా కలిపిన నీళ్లల్ల చిప్పు ముంచి చూపించిన. గీత కదలలే. సార్ జరసేపు ఆలోచించి, "సున్నా గూడ రిజల్టే," అన్నడు.

ఓనర్ స్టీలు క్యాన్ల పాలు తెచ్చిండు. ముంచినం. గీత కదలలే.

"అన్నా, ఈ చిప్పు పని చేస్తలేదు," అన్న నేను.

"మా పిల్లకు వినయమెక్కువ," అని సార్ అందుకున్నడు.

ఓనర్ ఆ గీత దిక్కు చానసేపు చూసిండు. "నా పాలు ఇంత స్వచ్ఛమని నాకే తెల్వదు సార్," అన్నడు. శాలువలు తెచ్చిండట. నాకూ ఒకటి కప్పి, పేపరోళ్లతోని ఫొటో తీయించిండు.

నాకు మనసున పట్టలే. కొత్త చిప్పులు చేసుకొని, ఐస్ డబ్బల పెట్టుకొని నేనే డెయిరీకి పోయిన. ఈసారి గీత లేచి స్క్రీన్ పైఅంచుకు అతుక్కున్నది. ఓనర్‌కు కోపం రాలే, నామీద జాలివడ్డడు.

"దీనికేమో అయింది మేడం. ఆనాటి మిషినే మంచిగుండె. అసుంటియి ఇంకొన్ని చేసియ్యిన్రి."

తిరిగొచ్చి సార్‌కు చెప్పిన. "చేసిద్దాం. కష్టమా?" అన్నడు.

"కష్టమేం లేదు సార్. మంచియి చేసి ఎండల పెడితే చాలు."

ఎక్కిరించిననుకున్న. సార్ మాత్రం ఎన్ని గంటలు పెట్టాల్నని అడిగిండు. నేను చెయ్యనన్న. సార్ కొన్ని దినాలు ముఖం మాడ్చుకొని, ఆఖరికి పిలిచి, "పాలు ఇడిసిపెట్టు. గ్లూకోజ్ మీద చెయ్యి. పాలోళ్ల లెక్క షుగరున్నోళ్లకు యూనియన్ లేదు," అన్నడు.

గ్లూకోజ్ మీదనే నా థీసిస్ అయింది. ఆ డెయిరీ ఇంక పెద్దగైంది, హన్మకొండల గూడ దుకాణం తెరిచిన్రు. మా ఇంట్ల మాత్రం ఆ పాలు బంద్ చేసినం. అమ్మ కారణమడిగితే చెప్పిన. "పేపర్ల ఫొటో పడ్డది గదనే, మంచి పాలని," అన్నది.